సింహం ముందు నిలబడినవాళ్ళు

మోసుల్,
మార్చి మొదటి వారం

ఖౌలక్కకు,

సలాం. నువ్వు బాగానే ఉన్నావని మీ ఊరికి బండి నడిపే డ్రైవర్ అబూ షాకిర్ చెప్పాడు. కానీ డ్రైవర్లు అందరి గురించీ అలాగే చెబుతారు. నీ చేత్తో నాలుగు ముక్కలు రాస్తే గానీ నేను నమ్మను.

నేను మళ్ళీ ఉద్యోగంలో చేరాను. మన పేటలోని చిన్న మ్యూజియమే. చిన్నప్పుడు ఎండాకాలం బడి ఎగ్గొట్టి, చల్లగా ఉంటుందని వెళ్ళి కూర్చునేవాళ్ళం చూడు, అదే. పైకప్పు బాగు చేశారు, గోడలకు సున్నం వేశారు. లోపల మాత్రం ఏమీ లేదు. ఊరిని పట్టుకున్న దాయిష్ వాళ్ళు రాతి సింహాన్ని సుత్తులతో కొట్టి కంకర చేసి పోయారు కదా. ఆ కంకరను గోనెసంచుల్లో కట్టి ఓ మూల పెట్టారు. రోజూ దాని పక్కనుంచే నా గదికి వెళతాను.

ఇప్పుడు ఆ సింహాన్ని కంప్యూటర్‌లో తిరిగి నిలబెడుతున్నాం. యుద్ధానికి ముందు మ్యూజియం చూడవచ్చినవాళ్ళు సింహం దగ్గర ఫోటోలు దిగారు కదా, వాటిని పంపమని ఇంటర్నెట్‌లో అందరినీ అడిగాం. ఒకరు ఈ పక్కనుంచి, ఒకరు ఆ పక్కనుంచి తీసినవి చాలా ఉంటే కంప్యూటర్ వాటిని కలిపి కుట్టి, మునుపటి ఆకారం తెస్తుంది. అప్పుడు ఎవరైనా సరే, ఏ దేశంలో ఉన్నా, ఫోన్‌లో దాన్ని చుట్టూ తిప్పి చూసుకోవచ్చు. జోర్డాన్ నుంచి, స్వీడన్ నుంచి మన ఊరివాళ్ళు పంపుతున్నారు.

ఒకటే చిక్కు. అందరూ మొహం దగ్గరే నిలబడ్డారు. ఎడమ పక్క ఎవరికీ పట్టలేదు.

అక్కా, అడగడానికి నోరు రావడం లేదు. మీ ముందుగది గోడకు ఒక ఫోటో ఉండేది. నీ సర్మద్ సింహానికి ఎడమ పక్కన నిలబడి నవ్వుతున్నది. అది నీ దగ్గర ఉందా? ఎవరిచేతనైనా ఫోన్‌తో తీయించి పంపినా చాలు.

నీ చెల్లి,
ఇబ్తిహాల్


సులైమానియా,
మార్చి నెల మధ్య

ఇబ్తిహాల్‌కు,

నీకు ఉద్యోగం దొరికినందుకు సంతోషం. ఇంట్లో ఒక్కదానివే కూర్చోవడం కన్నా అది నయం.

నా సంగతి ఏం రాయను. దర్జీ కొట్టు మీద గది. కింద కుట్టుమిషన్లు ఆడుతుంటే నేల వణుకుతుంది, అదే నాకు వినికిడి. బాంబు పడ్డ రోజు పోయిన చెవులు ఇక రావని ఇక్కడి డాక్టర్ కూడా రాసిచ్చాడు. ఇంటావిడ గెలావేజ్ ఖాన్ కుర్దు మనిషి, మంచిది. నాకు చెవులు లేవు, ఆమెకు అరబీ లేదు, అందుకే ఇన్నేళ్ళలో మా ఇద్దరికీ ఒక్క గొడవ కూడా రాలేదు. వంకాయ చూపించి వేళ్ళు తిప్పితే అన్నం కూరి డోల్మా వండుతోందని అర్థం.

ఫోన్ పేరు నా దగ్గర ఎత్తకు. ఫోన్లు ఉండకూడదన్న రోజుల్లో పిండి డబ్బాలో దాచిన ఫోన్ దొరికిందనే కదా దాయిష్ వాళ్ళు నా కొడుకును తీసుకుపోయారు. అప్పట్నుంచి నేను దాన్ని చేత్తో ముట్టలేదు.

ఇక ఫోటో అంటావా. ఆ ఇల్లే లేదు. గోడ ఎక్కడిది, ఫోటో ఎక్కడిది?

మిఠాయి పంపుతున్నాను. నీకు పళ్ళనొప్పి ఉంటే ఇరుగుపొరుగుకు పెట్టు.

ఖౌలా


మోసుల్,
ఏప్రిల్

ఖౌలక్కా,

మిఠాయి అందింది. పెట్టడానికి ఇరుగుపొరుగు ఎవరున్నారు? ఒక పక్క ఇల్లు కూలి ఉంది, ఇంకో పక్క ఇంటికి తాళం. నేనే తిన్నాను, పళ్ళనొప్పితోనే.

ఫోటో గురించి ఇక అడగను.

నిన్న బడిపిల్లలు వచ్చారు. మా దగ్గర కళ్ళకు పెట్టుకునే పెద్ద అద్దాలు ఉన్నాయి. అవి పెట్టుకుంటే ఖాళీ గదిలో సింహం నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. పిల్లలు చేతులు చాచి గాలిని నిమిరారు. ఒక పాప చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వెళ్ళి ఆగిపోయింది.

"మిస్, దీనికి ఈ పక్క పెద్ద కన్నం ఉంది. నొప్పి పుట్టదా?"

మా మ్యూజియం పెద్ద, డాక్టర్ నాజిమ్, అక్కడే ఉన్నాడు. పిల్లలు వెళ్ళాక అన్నాడు: "కుడి పక్కనే తిప్పి ఇటు అతికించేద్దాం ఇబ్తిహాల్. ఎవడు చూడొచ్చాడు?"

"మనం చూశాం కదా డాక్టర్," అన్నాను.

ఆయన కూడా చూసినవాడే.

ఇబ్తిహాల్


సులైమానియా,
ఏప్రిల్ చివర

చెల్లీ,

ఆ పాప మాట చదివాక మనసు కుదురుగా లేదు.

నేను అబద్ధం రాశానని నీకు అప్పుడే తెలిసి ఉంటుంది. ఫోటో నా దగ్గరే ఉంది. ఊరు విడిచి వచ్చేటప్పుడు కోటు అస్తరులో పెట్టి కుట్టుకున్నాను. వాడిది నా దగ్గరున్నది అదొక్కటే. మిగతావన్నీ ఇంటితోపాటే పోయాయి.

రెండు అట్టల మధ్య పెట్టి, నైలాన్ గుడ్డలో చుట్టి అబూ షాకిర్ చేతికిస్తున్నాను. ఒళ్ళో పెట్టుకుని తీసుకెళతానని ప్రమాణం చేశాడు. పని కాగానే పంపెయ్యి. వాడు వచ్చేసరికి అది గోడకు ఉండాలి. లేకపోతే, "అమ్మా, నన్ను గోడమీంచి కూడా దించేశావా" అంటాడు. వాడి నోరు నీకు తెలుసు కదా.

నోరంటే గుర్తొచ్చింది. అందులో వాడు ఎంత పెద్దగా నవ్వుతున్నాడో చూడు. ఎవరు తీశారురా అని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఖౌలా


మోసుల్,
మే

ఖౌలక్కా,

ఫోటో భద్రంగా తిరిగి పంపుతున్నాను. దానితోపాటు ఇంకో కాగితం ఉంది చూడు. మన సింహం! ఎడమ పక్క పూర్తయింది. పక్కటెముకల గీతలు, తోక ఒంపు, తొడమీద చెక్కిన రాతలు, అన్నీ నీ ఫోటోలోనే దొరికాయి. డాక్టర్ నాజిమ్ చాలాసేపు తిప్పి తిప్పి చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంటర్నెట్‌లో పెట్టిన రోజే ఎక్కడెక్కడివాళ్ళో చూశారు. పాఠం చెప్పడానికి వాడుకుంటామని బస్రా టీచర్లు అడిగారు.

ఇదంతా నీ చలవే అక్కా.

ఇబ్తిహాల్


సులైమానియా,
మే

ఇబ్తిహాల్,

ఫోటో అందింది. నలగలేదు.

నువ్వు పంపిన సింహాన్నీ చూశాను. గెలావేజ్ ఖాన్ కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి చూసి, బాగుంది అన్నట్టు తలాడించింది. నేను ఎడమ పక్క మాత్రమే చూశాను. పక్కటెముకలు ఉన్నాయి. తోక ఉంది. వాడు లేడు. వాడు నిలబడ్డ చోట రాయి ఉంది.

ఏం చేశారు వాణ్ణి?

మన ఊరిని పట్టుకున్నవాళ్ళు రాయినీ పగలగొట్టారు, మనుషుల్నీ తీసుకుపోయారు. మీరొచ్చి రాయిని నిలబెట్టారు, సంతోషం. మనిషిని మాత్రం మీరూ తీసేశారు. సుత్తి కూడా అక్కర్లేకపోయింది మీకు.

ఇక నాకు రాయకు.

ఖౌలా


మోసుల్,
జూన్

ఖౌలక్కా,

రాయొద్దన్నావు. చదవకుండా పారేసినా సరే, రాస్తున్నాను.

ఒక ఫోటోలో సింహం ముందు నిలబడ్డ మనిషి ఇంకో ఫోటోలో ఉండడు. దాంతో కంప్యూటర్ తికమకపడి మనిషి భుజాన్ని కూడా రాయి అనుకుంటుంది. అందుకని ముందుగా మనుషుల చుట్టూ గీత గీసి కత్తిరించి పక్కన పెట్టి, వాళ్ళు కమ్మిన చోటును మిగతా ఫోటోల అంచుల్లోంచి నింపాలి. ఆ పని నాది. సర్మద్ చుట్టూ గీత గీసింది నేనే. ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. వాడి చెవి దగ్గర జుట్టు లేచి ఉంది చూడు, అక్కడ చాలాసేపు పట్టింది.

కత్తిరించినవాళ్ళను పారేయమన్నారు. నేను పారేయలేదు. అందరూ నా కంప్యూటర్‌లోనే ఉన్నారు. కొత్త పెళ్ళికూతురు, కళ్ళు మూసుకుపోయిన ముసలాయన, కారుతున్న ఐస్‌క్రీమ్ పట్టుకున్న ఆవిడ, సెలవు మీద వచ్చిన సైనికుడు. వాళ్ళ వెనక సింహం లేదు, తెల్లటి ఖాళీ. పని అయిపోయాక కూడా ఒక్కోసారి వాళ్ళను చూస్తూ కూర్చుంటాను. ఇంటికి వెళితే పలకరించేవాళ్ళు లేరు కదా. వీళ్ళూ పలకరించరనుకో, కానీ నవ్వుతూ ఉంటారు.

నీ ఉత్తరం పట్టుకుని డాక్టర్ నాజిమ్ గదికి వెళ్ళాను. ఈ మనుషుల్ని కూడా చూపిద్దాం, గదిలో పెద్ద తెర పెడదాం, సింహాన్ని వేలితో ముట్టుకుంటే దాని పక్కన నిలబడినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చేలా చేద్దాం, మన వెబ్‌సైట్‌లోనూ పెడదాం అన్నాను.

"ఇది మ్యూజియం తల్లీ, పెళ్ళి ఆల్బం కాదు. జనం సింహాన్ని చూడ్డానికొస్తారు."

"ఎవరొస్తున్నారు డాక్టర్? నిన్న ఎంతమంది వచ్చారు?"

"ఇద్దరు."

"అందులో ఒకాయన ఎండకు తట్టుకోలేక వచ్చాడు."

ఆయన నవ్వాపుకున్నాడు. "ఆ మొహాల్లో ఎవరెవరున్నారో మనకేం తెలుసు? ఎవడికో శత్రువు ఉంటాడు. ఎవరో తల్లి చూసి కుప్పకూలిపోతుంది."

"తల్లి ఇప్పటికే కుప్పకూలింది డాక్టర్. ఉత్తరం చదవండి," అని నీ కాగితం ఇచ్చాను. కోప్పడకు. ఆయన రెండుసార్లు చదివాడు.

"ఇంటివాళ్ళు ఒప్పుకున్నవాళ్ళనే పెట్టు. అడక్కుండా ఒక్కరి మొహం కూడా కనపడకూడదు," అన్నాడు.

అందుకని మొట్టమొదట నిన్నే అడుగుతున్నాను. సర్మద్‌ను వాడి చోట తిరిగి నిలబెట్టమంటావా?

ఇబ్తిహాల్


సులైమానియా,
జూన్

పెట్టు.

ఖౌలా


మోసుల్,
జూలై

ఖౌలక్కకు,

సలాం. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. కరెంటు వచ్చి పోతోంది. తెర పెట్టాం. జనం బాగానే వస్తున్నారు. ఐస్‌క్రీమ్ ఆవిడ భర్త వచ్చాడు. రెండు రోజులు వరుసగా వచ్చాడు.

నీకు ఏమైనా కావాలా? టీ ఆకు పంపనా?

ఇబ్తిహాల్


సులైమానియా,
జూలై చివర

ఇబ్తీ,

టీ ఆకు ఇక్కడ దొరకదా? ఎండల గురించి, కరెంటు గురించి రాయడానికి కాగితం దండగ చేశావు. నీ ఉత్తరం అలా ఉందంటే ఏదో దాస్తున్నావు. పదేళ్ళ పిల్లప్పుడు అమ్మ గాజు కూజా పగలగొట్టి, వచ్చి నాతో వాతావరణం గురించి మాట్లాడావు.

ఏం జరిగింది? వాణ్ణి తెర మీంచి తీసేశారా?

ఖౌలా


మోసుల్,
ఆగస్టు

అక్కా,

తీసేయలేదు. ఉన్నాడు. జనం అక్కడ ఆగి వాడితోపాటు నవ్వి వెళుతున్నారు.

వెబ్‌సైట్‌లో పెట్టిన కొన్నాళ్ళకు కిర్కూక్ నుంచి ఒకమ్మాయి రాసింది. "ఈ ఫోటో తీసింది నేను. ఈ అబ్బాయి వాళ్ళ అమ్మ బతికుందా?" అని. పేరు రువైదా. యూనివర్సిటీలో వాడితో చదువుకుంది. ఇప్పుడు మందుల షాపులో పనిచేస్తోంది. పెళ్ళయింది, ఒక కూతురు. వాడు తన గురించి ఇంట్లో చెప్పేలోపే ఊరు దాయిష్ చేతిలోకి పోయిందట. తర్వాత నీ కోసం వెతికిందట. మీ వీధికి వెళితే ఇల్లు లేదు, నిన్ను ఎరిగినవాళ్ళు లేరు, నీకు ఫోన్ లేదు.

నేను ఆమెతో మాట్లాడాను. వాణ్ణి తీసుకుపోయాక ఏమైందో ఆమెకు తెలుసు. నాకు చెప్పింది.

దాన్ని రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. చేయి ఆడలేదు. నువ్వు ఆ గదిలో ఒక్కదానివే కూర్చుని ఈ కాగితం విప్పుతావు. పక్కన చేయి పట్టుకునేవాళ్ళు ఉండరు. రాయమంటే రాస్తాను. నన్ను రమ్మంటే వస్తాను. ఏదీ వద్దంటే, వద్దు.

ఇబ్తిహాల్


సులైమానియా,
ఆగస్టు

ఇబ్తీ,

రాయొద్దు. నువ్వు రాయలేకపోయావంటేనే నాకు తెలిసిపోయింది. నేను చెవిటిదాన్నే గానీ వెర్రిదాన్ని కాదు.

ఆ అమ్మాయిని రమ్మను. వాడిని చూసిన కళ్ళను చూడాలి.

ఖౌలా


సులైమానియా,
సెప్టెంబరు

చెల్లి ఇబ్తిహాల్‌కు,

రువైదా వచ్చి వెళ్ళింది. భర్తే కారులో తీసుకొచ్చి దింపాడు. ఆయన పైకి రాలేదు. "మీరు మాట్లాడుకోండి, నేను టీ కొట్లో ఉంటా" అన్నట్టు చెయ్యి చూపించి కింద ఉండిపోయాడు. ఆయనకు అన్నీ తెలుసట. మంచివాడు.

చెవిటిదానికి ఎలా చెబుతుందా అని నేను భయపడుతూ ఉన్నాను. కాగితాలు, పెన్ను సిద్ధంగా పెట్టాను. ఆమె వాటిని పక్కకు జరిపి, నా ఎదురుగా నేలమీద కూర్చుని, మెల్లగా మాట్లాడింది. నాకు అర్థమైంది ఇబ్తీ! ఇక్కడ ఎవరి పెదాలు చూసినా కుర్దీయే, ఒక్క ముక్క తెలియదు. ఈ పిల్ల పెదాలమీద మన మోసుల్ మాట. గొంతులోంచి తీసి పలికే మన అక్షరాలు కూడా కనిపించాయి. ఎన్నేళ్ళకు ఒక మనిషి మాట నాకు వినిపించిందో.

ముందు ఆ సంగతి అడగలేదు. ధైర్యం చాల్లేదు.

"ఆ రోజు వాడు అంతలా నవ్వాడే, ఏమన్నావమ్మా?" అన్నాను.

"సింహం పళ్ళు నీ పళ్ళకన్నా బాగున్నాయి, నోరు మూసుకో అన్నాను ఖాలా. దాంతో ఇంకా తెరిచాడు."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ ఉండగానే ఆమె మొహం మారిపోయింది.

"చెప్పమ్మా," అన్నాను.

రువైదా మేనమామను కూడా పట్టుకుపోయారట. వాడూ ఆయనా ఒకే గదిలో ఉన్నారట. రెండో చలికాలం వాడికి జ్వరం పట్టుకుంది. మందు లేదు. గదిలోవాళ్ళు తమ దుప్పట్లు తీసి వాడిమీద కప్పారు. ఒక తెల్లవారుజామున పోయాడు. తర్వాత ఆ మేనమామ ప్రాణాలతో బయటపడి ఇంటికొచ్చి చెప్పాడట.

"ఆఖరి స్నానం?" అని అడిగాను. ఇన్నేళ్ళూ నన్ను తిన్నది అదే. ఎక్కడో గోతిలో విసిరేసి ఉంటారని.

"చేయించారు ఖాలా. మా మామయ్యే చేయించాడు. తాగడానికిచ్చిన నీళ్ళు అందరూ కొంచెం కొంచెం మిగిల్చారట. వాటితోనే. వరుసగా నిలబడి నమాజు కూడా చేశారు."

"ఎక్కడ పూడ్చారు?"

"కాపలావాళ్ళు తీసుకుపోయారు. అది మాత్రం తెలీదు. అబద్ధం చెప్పలేను మీకు."

ఆ మాటకే ఆ పిల్ల మీద నమ్మకం కుదిరింది.

గుక్కపెట్టి ఏడ్చానట. నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా ఏడ్చానో తెలియదు. గెలావేజ్ ఖాన్ పరుగెత్తుకొచ్చింది, దర్జీ మిషన్లు ఆపేశాడు. నేల వణకడం ఆగిపోయింది.

మర్నాడు వాడి సంతాపానికి ఫాతిహా పెట్టాను. ఈ ఊళ్ళో ఎవరొస్తారులే, నేనూ గోడలూ కూర్చుంటాం అనుకున్నాను. గెలావేజ్ ఖాన్ వీధంతా తిరిగి చెప్పినట్టుంది. దర్జీ కుర్చీలు మోసుకొచ్చాడు. ఆడవాళ్ళు నల్లబట్టల్లో వస్తూనే ఉన్నారు. నాకు వాళ్ళ భాష తెలియదు, వాళ్ళకు నా కొడుకు తెలియదు. చక్కెర లేని కాఫీ తాగి, కాసేపు నా మోకాలిమీద చేయి వేసి వెళ్ళారు. వాళ్ళలో ఎంతమంది ఇళ్ళ గోడలకు తిరిగి రానివాళ్ళ ఫోటోలు ఉన్నాయో. రువైదా ఆ రోజుకు ఆగి, నా పక్కనే, ఇంటివాళ్ళు కూర్చునే చోట కూర్చుంది. ఈమె ఎవరని ఒకావిడ సైగ చేసి అడిగితే, నేను ఆమె భుజం చుట్టూ చేయి వేశాను. ఇంకెవరూ అడగలేదు.

సాయంత్రం ఆమె భర్త వచ్చాడు. కూతుర్ని కూడా తెచ్చాడు. ఆ పాప నన్ను చూసి భయపడి తల్లి వెనక దాక్కుంది. మళ్ళీ వస్తామన్నారు. వస్తే మంచిదే. రాకపోయినా నాకు కోపం లేదు, వాళ్ళ బతుకు వాళ్ళది.

నిజం చెప్పనా? మనసు తేలిక పడుతుందని అందరూ అంటారు. పడలేదు. ఇన్నేళ్ళూ నేను ఒంటరిదాన్నే అనుకున్నాను గానీ, ఎదురుచూపు ఒకటి నాకు తోడుండేది. తలుపు కింద నీడ కదిలితే లేచి నిలబడేదాన్ని. ఇప్పుడు నీడ కదిలినా కూర్చునే ఉంటున్నాను. పాలవాడై ఉంటాడు, గెలావేజ్ ఖాన్ అయి ఉంటుంది. ఇంకెవరూ కాదు. ఒంటరితనం అంటే ఏమిటో నాకు ఈ వారంలోనే తెలిసింది.

నీకొక పని చెబుతాను, చెయ్యి. మీ తెరమీద వాడి పేరు ఉంది కదా, దాని ముందు మర్హూమ్ అని చేర్చు. పోయినవాళ్ళందరికీ పెట్టినట్టే పెట్టు. ఆ గదిలో నీళ్ళు మిగిల్చినవాళ్ళ సంగతి కూడా రెండు వాక్యాల్లో రాయి. వాళ్ళ ఇంటివాళ్ళు ఎక్కడైనా ఉంటే చూస్తారేమో. డాక్టర్‌గారు ఇది మ్యూజియం అంటే, ఉమ్ సర్మద్, అంటే సర్మద్ తల్లి, అడిగిందని చెప్పు.

అక్షరాలు పెద్దవిగా పెట్టించు. అబూ షాకిర్ బండిలో సీటు చెప్పాను. వచ్చే గురువారం నేనే వచ్చి నిలబడి చదువుకుంటాను. చదివాక నీ దగ్గర ఉంటానో, అదే బండిలో తిరిగి వచ్చేస్తానో ఇప్పుడు చెప్పలేను.

మీ
ఉమ్ సర్మద్